తెల్ల ఫిల్లింగ్ ఊడకుండా నిలవాలంటే: బాండింగ్ మీద సమగ్ర మార్గదర్శి

"సిమెంట్ పెట్టిచ్చుకుని యాడాది కూడా కాలే సార్, అప్పుడే ఊడిపాయ." అనంతపురంలో పళ్ళ డాక్టరుగా కూర్చున్నవాళ్ళకు ఈ మాట కొత్తేమీ కాదు. పేషెంటుకు అమాల్గమ్ అయినా, గ్లాస్ అయానమర్ అయినా, పంటి రంగు కాంపోజిట్ (పైన చెప్పిన తెల్ల ఫిల్లింగ్) అయినా అంతా సిమెంటే. ఊడిందంటే నాసిరకం మందు పెట్టారని లెక్క. మనలోనూ చాలామంది అదే దారిన పోయి ఇంకో కంపెనీ బాండింగ్ (పంటికి కాంపోజిట్‌ను అతికించే జిగురు రెజిన్) బాటిల్ తెప్పిస్తారు. నిజానికి ఇప్పుడు దొరికే పేరున్న బాండింగ్ ఏజెంట్లలో ఏదైనా పద్ధతిగా వాడితే ఏళ్ళ తరబడి పట్టుకుంటుంది. దాన్ని చెడగొట్టేది ఎక్కువగా నీళ్ళే. రాకూడని చోటికి వచ్చిన ఉమ్మి, ఎగిరిపోవాల్సి ఉండీ మిగిలిపోయిన తడి. ఆ నీళ్ళను ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఎగరగొట్టాలో చెప్పడమే ఈ రాత పని. బీడీఎస్ ముగించి గుత్తిలోనో కళ్యాణదుర్గంలోనో కొత్తగా క్లినిక్ తెరిచినవాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

అతుకు ఎక్కడ తెగుతుంది

పంటి పైపొర ఎనామెల్‌తో పెద్ద పేచీ లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. 1955లో మైఖేల్ బ్యూనోకోర్ ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి చూపించినప్పటి నుంచీ సూత్రం ఒకటే: యాసిడ్ గరుకు చేస్తుంది, రెజిన్ ఆ గరుకులోకి దిగి గట్టిపడుతుంది.

దాని కింది డెంటిన్ అట్లా కాదు. అందులో ఖనిజం 70 శాతమే, మిగిలింది కొల్లాజెన్ అనే ప్రోటీన్, నీళ్ళు. పైగా ట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాల గుండా, లోపల నరాలుండే పల్ప్ వైపు నుంచి ద్రవం ఊరుతూనే ఉంటుంది. యాసిడ్ పెడితే ఖనిజం కరిగి కొల్లాజెన్ పీచు బయటపడుతుంది. ఆ పీచు సందుల్లోకి రెజిన్ ఇంకి గట్టిపడితే వచ్చేదే హైబ్రిడ్ లేయర్. 1982లో జపాన్‌లో నకబయాషి బృందం దీన్ని వివరించింది. మందం కొద్ది మైక్రాన్లే. ఫిల్లింగ్ ఆయుష్షంతా ఆ కాస్త మందం మీదే ఉంది.

చిక్కు ఏమిటంటే, యాసిడ్ దిగినంత లోతుకు రెజిన్ దిగదు. అడుగున రెజిన్ అందని పీచు, దాని చుట్టూ నీళ్ళు మిగిలిపోతాయి. ఆ నీళ్ళు రెండు పనులు చేస్తాయి. ఒకటి, రెజిన్‌నే మెల్లగా విడగొడతాయి. రెండోది, డెంటిన్‌లో ముందునుంచే నిద్రపోతూ ఉన్న ఎంఎంపీ, కెథెప్సిన్ ఎంజైములు యాసిడ్ తగిలి మేలుకుని, అదే నీళ్ళ ఆసరాతో కొల్లాజెన్‌ను కొరుక్కుతింటాయి. బాక్టీరియా లేకపోయినా ఈ అరుగుదల జరుగుతుందని 2004లో పాష్లీ బృందం చూపించింది. అందుకే పెట్టిన రోజు రాయిలా ఉన్న ఫిల్లింగ్, కొన్ని నెలలు పోయాక చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, అంచున గోధుమ రంగు గీత తేలుతుంది.

మొదటి అంచె: ఈ పన్నుకు కాంపోజిట్ సరిపోతుందా

కుర్చీలో పడుకోబెట్టగానే ఎచింగ్ (యాసిడ్‌తో గరుకు చేసే) సిరంజి వెతుక్కోకండి. ముందు అంచులు చూడండి. చుట్టూ ఎనామెల్ ఉంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. అడుగు అంచు చిగురు కిందికి దిగి, వేరు మీద పడి, అక్కడ ఎనామెల్ లేదనుకోండి. తడి రాకుండా పంటి చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్ కూడా నిలవదు, రక్తం ఆగదు. అక్కడ కాంపోజిట్ పట్టుదల వద్దు. అడుగున గ్లాస్ అయానమర్ వేసి పైన కాంపోజిట్ పెట్టండి, లేదా పూర్తిగా గ్లాస్ అయానమర్‌తోనే సరిపెట్టండి. ఆ మాట పేషెంటుకు ముందే చెప్పండి. చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం కారుతుంటే స్కేలింగ్ చేసి, వారం తర్వాత రమ్మనండి. తాడిపత్రి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని వెనక్కి పంపడం ఇబ్బందే. అయినా ఊడితే ఆ మనిషే మళ్ళీ అదే బస్సెక్కాలి కదా.

ఇంకొన్ని అడగాలి. ఆ పంటికి ఇంతకుముందు యూజెనాల్ (లవంగ నూనెలోని పదార్థం) ఉన్న తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టారా? ఆ నూనె రెజిన్‌ను గట్టిపడనివ్వదు, శుభ్రంగా గీకాకే పని మొదలుపెట్టాలి. పళ్ళు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకున్నారా? రెండు వారాలు ఆగాలి. రూట్ కెనాల్ చేసేటప్పుడు కడగడానికి హైపోక్లోరైట్ వాడారా? అది కూడా డెంటిన్ బాండ్‌ను దెబ్బతీస్తుంది. 10 శాతం సోడియం ఆస్కార్బేట్ పూసి కడిగితే కొంత మేలు, పైపొర డెంటిన్‌ను బర్‌తో తాజాగా తీసేస్తే ఇంకా మేలు.

రెండో అంచె: మన జిల్లాలో అడగాల్సిన ప్రశ్న

"అమ్మా, చిన్నప్పుడు ఏ ఊర్లో పెరిగినారు, ఏం నీళ్ళు తాగినారు?"

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ ప్రశ్న ఎక్స్‌రే అంత పని చేస్తుంది. ఇక్కడ గ్రానైట్ రాళ్ళ కింది బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ వరకు మేలు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అన్నది మన దేశపు ప్రమాణం. దానికి ఎంతో పైన ఉన్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు మన ఊళ్ళలో నిండా ఉన్నారు. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు కొళాయి నీళ్ళు తెచ్చింది గానీ, ఎనామెల్ తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపే. అప్పుడు తాగిన నీళ్ళ గుర్తు, తర్వాత ఏ నీళ్ళు తాగినా పోదు. గార పళ్ళని పేషెంట్లు అనేది, చాలాసార్లు ఫ్లోరోసిస్సే (ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల ఎనామెల్ దెబ్బతినడం).

బాండింగ్‌కు దీనితో ఏం పని అంటే, చాలా ఉంది. ఫ్లోరోసిస్ ఎనామెల్‌కు పైపొర ఖనిజంతో బిగుసుకుపోయి ఉంటుంది, యాసిడ్‌కు లొంగదు. దాని కింద మాత్రం బోలుగా, బలహీనంగా ఉంటుంది. మామూలుగా 20 సెకన్లు ఎచ్ చేసి కడిగి ఆరబెడితే, సుద్ద పూసినట్టు తెల్లగా రావాల్సిన చోట అక్కడక్కడ ఇంకా మెరుపు కనిపిస్తుంది. ఆ మెరిసే మచ్చ దగ్గర ఎనామెల్‌కు యాసిడ్ పట్టలేదన్నమాట.

నేను చేసేది ఇది. అద్దం పట్టుకుని, గాలితో ఆరబెట్టి, పంటిని పక్కనుంచి చూడండి. సన్నని తెల్లగీతలు మాత్రమే ఉంటే మామూలు పద్ధతే చాలు. పన్నంతా సున్నం కొట్టినట్టుండి, గోధుమ మచ్చలుంటే, అంచు చుట్టూ సన్నని డైమండ్ బర్‌తో పైపొరను ఒక పలచటి పొర లేపండి. తర్వాత ఎనామెల్ మీద మాత్రం యాసిడ్‌ను 60 సెకన్ల దాకా ఉంచండి. కడిగి ఆరబెట్టాక మెరుపు మిగిలితే అంతవరకే మళ్ళీ పెట్టండి. గుంటలు పడిన పళ్ళలో ఇంకో తిరకాసు ఉంది: బాండ్ బాగానే పట్టుకున్నా, దాని కింది బోలు ఎనామెలే పెళుసుగా విరిగి ఫిల్లింగ్‌తో పాటు లేచి వస్తుంది. బర్ తగిలినప్పుడు పొడిపొడిగా రాలే ఎనామెల్‌ను తీసేసి, కాస్త గట్టిగా తగిలే చోట అంచు నిలపండి. కేవిటీ పెద్దదైనా పరవాలేదు.

ఈ పళ్ళ మీద సెల్ఫ్ ఎచ్ ప్రైమర్ (విడిగా యాసిడ్ పెట్టకుండా తానే గరుకు చేసే పూత) ఒక్కదాన్నే నమ్ముకోకండి. దాని యాసిడ్ మెతక, ఫ్లోరోసిస్ పైపొరను కదిలించలేదు.

మూడో అంచె: తడి ఆపడం

రబ్బర్ డ్యామ్ గురించి ఎంత చెప్పినా వాడేవాళ్ళు తక్కువ. 1864 నుంచీ ఉన్న వస్తువు, మొదట కట్టడానికి టైం పట్టినా చేయి తిరిగాక రెండు మూడు నిమిషాల పని. నోట్లోంచి వచ్చే ఊపిరిలోనే తడి ఉంటుంది. ఉమ్మి తగలకపోయినా ఆ ఆవిరి బాండ్‌ను పలచన చేస్తుంది. డ్యామ్ అసలు కుదరని చోట కాటన్ రోల్స్, చిగురులో రిట్రాక్షన్ కార్డ్, అసిస్టెంట్ చేతిలో నిలకడగా సక్షన్. ఇవి డ్యామ్‌కు సరికావు, పని మాత్రం గడుస్తుంది. రక్తం ఆపడానికి ఫెర్రిక్ సల్ఫేట్ లాంటివి వాడితే బాగా కడిగి, ఆ చోట డెంటిన్‌ను మళ్ళీ తాజా చేయాలి.

ఎచింగ్ అయ్యాక ఉమ్మి తగిలితే తుడిచేసి ముందుకు పోవద్దు. కడిగి, ఆరబెట్టి, ఎనామెల్ మీద ఇంకో 10 సెకన్లు యాసిడ్ పెట్టండి. బాండ్ వేసి లైట్ పెట్టాక తగిలితే కడిగి, ఆరబెట్టి, బాండ్ ఇంకో పూత వేయండి. రక్తమైతే ముందుదశకే వెనక్కి రావాలి.

నాలుగో అంచె: కేవిటీ అంచు

పుచ్చు తీయడంలో అంచుకూ అడుగుకూ తేడా పాటించండి. పల్ప్ దగ్గర కాస్త మెత్తటి డెంటిన్ ఉంచేయడం ఇప్పుడు సమ్మతమైన పద్ధతి. చుట్టూ అంచున మాత్రం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మేర గట్టి డెంటిన్, దాని పైన గట్టి ఎనామెల్ ఉండాలి. ఫిల్లింగ్ సీల్ అయ్యేది అక్కడే. సెల్ఫ్ ఎచ్ వాడేవాళ్ళు చివర సన్నని గరుకు డైమండ్‌తో ఒకసారి తిప్పాలి, లేకపోతే మందపాటి స్మియర్ లేయర్ (బర్ తిప్పినప్పుడు మిగిలే పొడి పొర) ప్రైమర్‌ను అడ్డుకుంటుంది. ఫ్లోరైడ్, నూనె లేని ప్యూమిస్‌తో తుడవడం మర్చిపోకండి.

మన దగ్గర చిగురు పక్కన గుంటలు పడే కేసులు చాలా వస్తాయి. బొగ్గుతో, ఇటుక పొడితో, గట్టి బ్రష్‌తో ఏళ్ళ తరబడి అడ్డంగా తోమిన పళ్ళు. అక్కడ డెంటిన్ అద్దంలా నున్నగా, పసుపుగా మెరుస్తుంది. ట్యూబ్యూల్స్ ఖనిజంతో మూసుకుపోయి ఉంటాయి కాబట్టి రెజిన్ దిగడానికి దారి దొరకదు. బర్‌తో పైపైన గరుకు చేసి, ఎనామెల్ వైపు వాలుగా చిన్న బెవెల్ ఇచ్చి, ఎండీపీ (పంటి కాల్షియంతో కలిసి పట్టుకునే పదార్థం) ఉన్న ప్రైమర్‌ను బాగా రుద్దితేనే నిలుస్తుంది. బ్రష్ పద్ధతి మార్చకుండా ఫిల్లింగ్ మాత్రం మార్చుకుంటూ పోతే పన్ను అరిగేది ఆగదు.

ఐదో అంచె: యాసిడ్ ఎక్కడ, ఎంతసేపు

ఇన్ని పద్ధతుల్లో నేను ఎంచుకునేది ఎనామెల్‌కు మాత్రమే ఫాస్ఫారిక్ యాసిడ్, డెంటిన్‌కు ఎండీపీ ఉన్న మెతక సెల్ఫ్ ఎచ్. ఎండీపీ డెంటిన్ ఖనిజాన్ని పూర్తిగా తీసేయదు. మిగిలిన కాల్షియంతో రసాయనికంగా కలిసి, కరగని ఉప్పుగా పొరలు కడుతుంది. రెజిన్ అందని కొల్లాజెన్ అడుగున మిగలడం తగ్గుతుంది, ఎంజైములకు పని తక్కువ దొరుకుతుంది. రెండు బాటిళ్ళ సెల్ఫ్ ఎచ్ అయితే మరీ మంచిది. యూనివర్సల్ అని అమ్మే ఒక బాటిల్ రకాలూ బాగానే పనిచేస్తాయి, ఎండీపీ ఉందో లేదో డబ్బాలోని కాగితం చదివి చూసుకోవాలి.

37 శాతం జెల్‌ను ఎనామెల్ అంచు మీద మాత్రం సన్నగా పెట్టండి. 20 నుంచి 30 సెకన్లు. పలచటి జెల్ అయితే డెంటిన్ మీదికి జారుతుంది, చిక్కటిదే కొనండి. జారితే కంగారు లేదు, వెంటనే కడిగేయండి. పెట్టినంత సేపూ కడగాలి, గాలీ నీళ్ళూ కలిపి.

పూర్తిగా ఎచ్ అండ్ రిన్స్ (డెంటిన్‌కూ యాసిడ్ పెట్టి కడిగే) పద్ధతిలోనే చేస్తానంటే డెంటిన్ మీద 15 సెకన్లు దాటించవద్దు. ఆ తర్వాత గాలితో ఎండగొట్టవద్దు. ఎండితే కొల్లాజెన్ పీచు నీళ్ళలోంచి బయటికి లాగిన నాచులా అణిగిపోతుంది, రెజిన్ దూరే సందు ఉండదు. చిన్న కాటన్ ఉండతో అద్దండి, డెంటిన్ సన్నగా మెరవాలి, ఎక్కడా చుక్క నిలవకూడదు. ఈ పద్ధతిలోనే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఒక నిమిషం పూసి, కడగకుండా అద్దేస్తే ఎంజైములు కొన్ని నెలలు అణిగి ఉంటాయి. ఆ మేలు కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే దాన్ని అదనపు సాయంగానే చూస్తాను. ఎండీపీ సెల్ఫ్ ఎచ్‌తో కలిపి క్లోర్‌హెక్సిడిన్ వాడను.

ఆరో అంచె: బాండ్ పూయడం, ఎగరగొట్టడం

చాలా ఫిల్లింగుల తలరాత ఇక్కడే, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

చుక్కను అప్పటికప్పుడు తీయండి. ముందే గిన్నెలో పోసి పెడితే సాల్వెంట్ (బాండ్‌ను పలచగా ఉంచే ద్రవం) ఎగిరిపోతుంది, అసిటోన్ ఉన్న రకాల్లో మరీ త్వరగా. చిన్న బ్రష్‌తో 20 సెకన్లు నిజంగా రుద్దండి. తాకించి వదిలేస్తే చాలదు. రుద్దితే తాజా రెజిన్ లోపలికి దిగి, నీళ్ళు బయటికి వస్తాయి. ఒక బాటిల్ రకాలైతే రెండో పూత వేయండి.

ఇప్పుడు గాలి. మొదట దూరం నుంచి మెల్లగా, తర్వాత దగ్గరగా గట్టిగా. మొదట్లో పూత మీద అలలు కదులుతుంటాయి. అలలు ఆగి, పొర కదలకుండా మెరిసేదాకా ఊదాలి. చాలాసార్లు పది సెకన్లు పడుతుంది, లోతైన కేవిటీలో ఇంకా ఎక్కువ. సాల్వెంట్, నీళ్ళు మిగిలితే ఆ చోట రెజిన్ సరిగా గట్టిపడదు. మూలల్లో గుంటలా నిలిచిన బాండ్‌ను పొడి బ్రష్‌తో లాగేయండి. ఎక్స్‌రేలో అది నల్లగా కనిపించి, పుచ్చు మళ్ళీ వచ్చిందేమోనని ఇంకో డాక్టరు భయపెడతాడు.

ఊదే గాలి శుభ్రంగా ఉందో లేదో వారానికోసారి చూడండి. సిరంజిని నోటి అద్దం మీద ఒక నిమిషం ఊదితే, అద్దం మీద పొగలాంటి పొర గానీ సన్నని నూనె చుక్కలు గానీ కనిపిస్తే కంప్రెసర్ ఫిల్టర్ మార్చాలి, ట్యాంకు అడుగున నీళ్ళు వదలాలి. మూడు వేల రూపాయల బాటిల్ వాడి, నూనె గాలి ఊదే క్లినిక్కులు లేకపోలేదు.

యూనివర్సల్ బాండ్ మీద నీళ్ళు పీల్చని మామూలు బాండింగ్ రెజిన్ ఇంకో పలచటి పొర వేస్తే బాండ్ ఎక్కువ కాలం ఉంటుంది. చాలా యూనివర్సల్ బాండ్లలో హెమా లాంటి నీళ్ళను ఇష్టపడే పదార్థాలుంటాయి, ఆ పొర వాటికి తొడుగు.

మన ఎండల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో గది 40 డిగ్రీలు దాటుతుంది, కొరియర్ డబ్బా అంతకన్నా వేడెక్కుతుంది. లేబుల్ మీద రాసిన వేడి లోపలే బాటిల్ ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే పేషెంటు కూర్చునేముందే బయటికి తీసి మామూలు వేడికి రానివ్వండి. చల్లటి బాటిల్ మూత తెరిస్తే లోపల తడి చేరుతుంది, చిక్కగా ఉండి పరుచుకోదు కూడా. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయే ఊళ్ళలో చిన్న బాటిళ్ళు కొనుక్కోవడమే నయం.

ఏడో అంచె: లైట్

రెండు మిల్లీమీటర్ల కాంపోజిట్ పొర బాగా గట్టిపడాలంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 16 జౌళ్ళ వెలుగు కావాలి. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లిచ్చే లైట్ 20 సెకన్లు పెడితే 20 జౌళ్ళు అవుతుంది. అది లైట్ మూతి పంటికి ఆనినప్పుడు. పళ్ళ సందులోని బాక్స్ అడుగు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, కొన్ని లైట్లలో అంత దూరానికి వెలుగు సగానికి పడిపోతుంది. అక్కడ బాండ్‌కూ మొదటి పొరకూ సమయం రెట్టింపు చేయండి. బాండ్‌ను విడిగా క్యూర్ చేయాలి, కాంపోజిట్‌తో కలిపి ఒకేసారి కాదు.

లైట్ మూతికి అంటుకున్న పాత కాంపోజిట్ ముక్క చూశారా ఎప్పుడైనా? గోటితో గీకితే ఊడొస్తుంది. అది వెలుగును తినేస్తుంది. ఆరెంజ్ కళ్ళద్దాలు పెట్టుకుని, రెండో చేత్తో లైట్‌ను పట్టుకుని, పంటి మీదే చూస్తూ ఉండండి. గోడ గడియారం చూస్తూ పట్టుకుంటే మూతి పక్క పంటి మీదికి జారిపోయి ఉంటుంది. రేడియోమీటర్ ఖచ్చితమైన అంకె చెప్పకపోయినా, మీ లైట్ పోయిన నెల కన్నా బలహీనపడిందో లేదో చెబుతుంది.

ఎనిమిదో అంచె: కాంపోజిట్ పేర్చడం

గట్టిపడేటప్పుడు కాంపోజిట్ కుంచించుకుపోతుంది, ఆ లాగుడు బాండ్ మీద పడుతుంది. డబ్బాలాంటి క్లాస్ వన్ కేవిటీలో గోడలు ఎక్కువ, తెరిచి ఉన్న వైపు ఒకటే కాబట్టి లాగుడు మరీ ఎక్కువ. అర మిల్లీమీటరు ఫ్లోయబుల్ (పలచగా పారే కాంపోజిట్) అడుగున పరిచి, తర్వాత రెండు మిల్లీమీటర్లు మించని వాలు పొరలుగా, ఎదురెదురు గోడలను ఒకేసారి కలపకుండా పేర్చండి. ఒకేసారి మందంగా వేసే బల్క్ ఫిల్ రకాల్లో నాలుగు మిల్లీమీటర్ల దాకా వేయొచ్చు, తయారీదారు చెప్పిన వెలుగు ఇవ్వగలిగితేనే. చివరి పొర మీద గ్లిజరిన్ జెల్ పూసి ఇంకోసారి లైట్ పెడితే పైపొర జిగటగా మిగలదు.

ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో ఎత్తు చూడటం ఓపిగ్గా చేయండి. మనవాళ్ళు వక్క నమిలేవాళ్ళు, వేయించిన శెనక్కాయలు పటపట కొరికేవాళ్ళు. ఎత్తున్న చోట ప్రతి కొరుకుడూ అంచు మీద పడుతుంది. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళకు నైట్ గార్డ్ మాట ఎత్తండి.

పేషెంటుకు చెప్పాల్సింది

ఫ్లోరోసిస్ ఊరివాళ్ళు ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు, తోమి ఉమ్మేస్తారు. ఎనామెల్ ఏర్పడే వయసు దాటింది కాబట్టి కొత్త మచ్చలు రావు, పైగా ఫిల్లింగ్ అంచున పుచ్చు మళ్ళీ రాకుండా అదే కాపాడుతుంది. చిన్న పిల్లలకు మాత్రం బియ్యపు గింజంత పేస్టు, పక్కన పెద్దవాళ్ళు ఉండి ఉమ్మించాలి.

ఆరు నెలలకోసారి రమ్మనండి. అంచున గోధుమ గీత కనిపించగానే మొత్తం తీసి మళ్ళీ పెట్టకండి. తీసిన ప్రతిసారీ కేవిటీ పెద్దదవుతుంది. గీత పైపైనే ఉంటే పాలిష్ చాలు. ఎక్స్‌ప్లోరర్ దిగేంత సందు ఉంటే ఆ ముక్క వరకే బర్‌తో తెరిచి, పాత కాంపోజిట్‌ను గరుకు చేసి, ఎనామెల్‌కు యాసిడ్ పెట్టి కడిగి ఆరబెట్టండి. పాత కాంపోజిట్‌కు సైలేన్ (కొత్త రెజిన్ పట్టేలా చేసే ద్రవం), ఆ తర్వాత మొత్తానికి బాండ్ పూసి ఎగరగొట్టి లైట్ పెట్టి, పైన కొత్త కాంపోజిట్ వేయండి. డ్యామ్ కట్టాకే ఇదంతా. చిన్న రిపేరే కదా అని డ్యామ్ మానేసిన చోటే మళ్ళీ గీత తేలుతుంది.